సరస్సు నిండుగా ఉన్నా లాన్‌కి వేళలెందుకు: ఒక గుట్ట జోన్ కేస్ స్టడీ

పెద్ద మంచినీటి సరస్సు ఒడ్డునున్న నగరం అది. శుద్ధి కేంద్రం సామర్థ్యం మండు వేసవి వాడకం కన్నా ఎక్కువే. నేను పంపిణీ విభాగంలో పనిచేసిన ఏళ్ళలో అక్కడ నీటి కరువు అన్న మాటే వినలేదు. అయినా ఆ ఊళ్ళో లాన్‌లు తడపడానికి వేళలు పెట్టాల్సి వచ్చింది. మొదటిసారి తప్పుగా పెట్టాం. రెండోసారి కుదిరింది. మొదటిసారి ఎందుకు కుదరలేదో ఇక్కడ ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే అదే తప్పు ఇప్పటికీ చాలా ఊళ్ళ నోటీసుల్లో చూస్తున్నాను.

నగరానికి ఉత్తరాన ఒక గుట్ట ఉంది. గుట్ట మీద ఇళ్ళన్నిటికీ నీళ్ళని పైకి తోసే ఒకే బూస్టర్ స్టేషన్, వాటిని నిలవ ఉంచే ఒకే సర్వీస్ రిజర్వాయర్. చాలావరకు తోట ఉన్న ఇళ్ళే, సగానికి పైగా ఇళ్ళలో టైమర్‌తో నడిచే స్ప్రింక్లర్లు ఉన్నాయి. వేసవి మొదలవగానే పై వీధి నుంచి ఫిర్యాదులు వచ్చేవి: పొద్దున ఆరున్నర దాటితే మేడ మీద నీళ్ళు ఎక్కవు, ఎనిమిదిన్నరకి మళ్ళీ మామూలే. పగలు మా మనిషి వెళ్ళి చూస్తే ప్రెజర్ బాగానే ఉండేది. "ఇప్పుడు వస్తున్నాయి కదండీ" అని ఫిర్యాదు మూసేసి వచ్చేవాడు. అలా రెండు వేసవులు గడిచాయి. స్నానం చేయించాల్సిన ముసలి తల్లిని కూర్చోబెట్టి కింది నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకున్నామని ఒకావిడ రాసిన ఉత్తరం చదివాక, మేం వెళ్ళే వేళలే తప్పని నాకు తోచింది.

ముందు మామూలు అనుమానాలన్నీ తీర్చుకున్నాం. లీకేజీ కోసం రాత్రిపూట కనీస ప్రవాహం కొలిచాం, అది సరిగ్గానే ఉంది. ఒక వాల్వు సగం మూసి ఉందని లైన్‌మన్ పట్టుకున్నాడు. దాన్ని పూర్తిగా తెరిస్తే ప్రెజర్ ఒకటి రెండు మీటర్లు మెరుగైంది, అంతే (నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కగలవో మీటర్లలో చెప్పడమే మా కొలత). పంపులు సక్రమంగా ఉన్నాయి. అప్పుడు అయిదు చోట్ల ప్రెజర్ లాగర్లు, అంటే ప్రెజర్‌ని వాటంతటవే నమోదు చేసే పరికరాలు పెట్టి, నిమిషానికొక రీడింగు చొప్పున రెండు వారాలు తీశాం.

ఆ గ్రాఫు తెర మీద చూసిన ఉదయం నాకింకా గుర్తుంది. మనుషులు నిద్ర లేచి కుళాయిలు తిప్పితే ప్రెజర్ మెల్లగా, వాలుగా దిగుతుంది. ఒకరు ఆరింటికి లేస్తారు, ఇంకొకరు ఏడింటికి. ఇక్కడ సరిగ్గా 5 గంటలకి గోడ కట్టినట్టు నిలువునా పడింది. రోజూ అదే నిమిషం. ఏ ఊళ్ళోనూ జనం అలా ఒక్క నిమిషంలో లేవరు. అది టైమర్ల పని. స్ప్రింక్లర్లు బిగించేవాళ్ళు పెట్టెలో ముందే ఉన్న 5 గంటల వేళని అలాగే వదిలేసి వెళ్ళారు, ఇంటివాళ్ళెవరూ దాన్ని మార్చలేదు.

లెక్క ఇలా ఉంటుంది. నలుగురున్న ఇల్లు, మనిషికి రోజుకి 150 లీటర్లు అనుకుంటే, ఇంట్లో వాడకం 600 లీటర్లు. అది రోజంతా పరుచుకుని ఉంటుంది. స్ప్రింక్లర్ వ్యవస్థ నిమిషానికి 40 లీటర్లు తీసుకుంటే గంటలో 2,400 లీటర్లు. అంటే కుటుంబం నాలుగు రోజుల వాడకాన్ని లాన్ ఒక్క గంటలో తాగేస్తుంది. సరస్సుకి అది లెక్కలోకి రాదు. పైపుకి మాత్రం పెద్ద లెక్కే.

పైపులో ప్రవాహం రెట్టింపైతే ఒరిపిడి వల్ల పోయే హెడ్ (మీటర్లలో చెప్పే ప్రెజర్) రెట్టింపుతో ఆగదు. ఈ నష్టాన్ని లెక్కగట్టే హేజెన్–విలియమ్స్ సూత్రం ప్రకారం అది ప్రవాహానికి 1.85 ఘాతంలో పెరుగుతుంది, అంటే దాదాపు 3.6 రెట్లు. మా పై వీధిలో నీళ్ళు కదలనప్పుడు హెడ్ 40 మీటర్లు. మామూలు ఉదయం దారిలో 8 మీటర్లు పోయి 32 మిగిలేది, ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రవాహం రెట్టింపైన ఉదయం పోయేది 8 కాదు, దాదాపు 29. మిగిలేది 11. రోడ్డు మట్టంలో 11 మీటర్లుంటే మేడ మీది షవర్‌కి వచ్చేది సన్నటి ధారే. లాగర్ చూపించిందీ ఆ దరిదాపుల్లోనే.

దానికన్నా నన్ను భయపెట్టింది రిజర్వాయర్ మట్టం. అందులో అడుగు భాగం అగ్నిప్రమాదాల కోసం నిలవ ఉంచాలి. ఎండ ముదిరిన రోజుల్లో ఆరున్నరకల్లా మట్టం ఆ గీత కిందికి దిగుతోంది. సరిగ్గా జనం లేచి పొయ్యి వెలిగించే వేళకి, గుట్ట మీది హైడ్రంట్లకి, అంటే మంటలార్పడానికి వీధుల్లో పెట్టిన కుళాయిలకి, వెనక నిలవ లేదు. ఇది ఎవరి ఫిర్యాదులోనూ లేదు, ఎందుకంటే ఎవరికీ కనబడదు. అప్పటిదాకా స్నానాల ఇబ్బందిగా చూసిన విషయాన్ని ఆ రోజు నుంచి ప్రాణభద్రత విషయంగా చూశాను.

అదే వేసవిలో ఇంకొకటి జరిగింది. ఒక ఉదయం బూస్టర్ పంపు ట్రిప్ అయింది. ప్రెజర్ అసలే తక్కువగా ఉన్న పై వీధిలో కాసేపు పూర్తిగా పోయింది. ఒక ఇంటి పెరట్లో హోస్ పైపు కొస ఎరువు కలిపిన బకెట్‌లో మునిగి ఉంది. కింది ఇళ్ళు నీళ్ళు లాగుతుంటే పై పైపులో శూన్యం ఏర్పడి, బకెట్‌లోది వెనక్కి గొట్టంలోకి ఎక్కింది. పక్కింటి కుళాయిలో రంగు నీళ్ళు వచ్చాయి. వాళ్ళు వెంటనే ఫోన్ చేయబట్టి సరిపోయింది. లైన్ కడిగి, నమూనాలు తీసి, ఫలితాలు సరిగ్గా వచ్చేదాకా ఆ వీధికి విడిగా నీళ్ళు సరఫరా చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్ళు వెనక్కి లాగబడకుండా పెరటి కుళాయికి బిగించే చిన్న వాక్యూమ్ బ్రేకర్ ఉంటే ఇది జరిగేది కాదు. ఇది చదివే ఇంటి యజమానులు దయచేసి ముందు అది పెట్టించుకోండి. బకెట్‌లోకి హోస్ వదిలేసి వెళ్ళే అలవాటు ఉంటే ఈరోజే మానండి.

పెద్ద పైపు వేయొచ్చు కదా అని కౌన్సిల్‌లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 150 మి.మీ. పైపు బదులు 200 మి.మీ. వేస్తే అదే హెడ్ నష్టానికి ప్రవాహం రెట్టింపుకి కాస్త పైనే వస్తుంది. కానీ ఆ పైపు పట్టే నీళ్ళు 1.78 రెట్లు అవుతాయి. వేసవిలో కొన్ని వారాలపాటు, రోజుకి కొద్ది గంటల కోసం వేసిన ఆ పైపులో మిగతా ఏడాదంతా నీళ్ళు అన్ని రెట్లు ఎక్కువసేపు నిలవ ఉంటాయి. నిలవున్న కొద్దీ క్లోరిన్ తరిగిపోతుంది. గుట్ట మీద చివరి ఇంటికి చలికాలంలో అందేది వయసు మీరిన నీరు. లాన్ కోసం తాగే నీటి నాణ్యతని వదులుకోవడం నాకు సమ్మతం కాలేదు, ఇప్పటికీ కాదు. పైగా ఆ నీళ్ళు ఉచితంగా గుట్ట ఎక్కవు. వెయ్యి లీటర్లని 100 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి, పంపు సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 0.39 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. సరస్సులో ఎంత నీరున్నా ఈ అంకె మారదు.

మొదటి నియమం

అప్పుడు మేం చాలామంది చేసేదే చేశాం. సరి నంబరు ఇళ్ళు సరి తేదీల్లో, బేసి ఇళ్ళు బేసి తేదీల్లో, ఉదయం 5 నుంచి 9 లోపు తడపాలి. ఆ ముసాయిదా రాసింది నేనే. వినడానికి సగానికి సగం తగ్గుతుందనిపిస్తుంది. తగ్గలేదు. పెరిగింది.

లెక్క సులువు కోసం స్ప్రింక్లర్లున్న ఇళ్ళు వెయ్యి అనుకుందాం. నియమానికి ముందు వాళ్ళు వారానికి సుమారు రెండుసార్లు, ఎవరికి తోచిన రోజు వాళ్ళు తడిపేవారు. ఏ రోజు చూసినా వెయ్యిలో రెండు ఏడో వంతులు, అంటే 286 ఇళ్ళు. అవన్నీ 5 గంటలకే మొదలైనా సెకనుకి దాదాపు 190 లీటర్లు. సరి–బేసి వచ్చాక "ఈరోజు మన వంతు" అన్న ఆలోచన వచ్చింది. వంతు వచ్చిన రోజు తడపకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు. వారానికి రెండుసార్లు చాలన్నవాళ్ళు కూడా మూడు నాలుగుసార్లు తడిపారు. పైగా అనుమతి 5 గంటలకి తెరుచుకుంటుంది కాబట్టి అంతవరకూ వేరే వేళల్లో పెట్టుకున్న కొద్దిమంది కూడా టైమర్లని 5 గంటలకి మార్చారు. ఇప్పుడు రోజుకి 500 ఇళ్ళు, ఒకే నిమిషంలో. సెకనుకి 333 లీటర్లు. కాగితం మీద వేసిన ఈ లెక్కనే లాగర్ నేల మీద చూపించింది: గోడ ఇంకా నిటారుగా, ఇంకా లోతుగా.

నీటిని పొదుపు చేయాలనుకుని రాసిన నియమం అది. మా సమస్య పొదుపు కాదు, ఒకే వేళకి పడే ఒత్తిడి. సరస్సు ఎండిపోతుంటే రోజులు తగ్గించాలి. పైపు ఇరుకైతే వేళలు విడదీయాలి. ఆ రెండు జబ్బుల్ని ఒకటిగా చూసి, ఒకదాని మందు ఇంకోదానికి వేశాను.

ఇంకొక పొరపాటు మాటల్లో ఉంది. నోటీసు పైన పెద్ద అక్షరాలతో "నీటిని కాపాడుకుందాం" అని వేశాం. కాలనీ సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "కిటికీ తీస్తే సరస్సు కనిపిస్తుందండీ. నీళ్ళకి కొదవ లేదని మీరే చెబుతారు, మళ్ళీ పట్టొద్దని మీరే అంటారు. ఏది నమ్మమంటారు?" అని అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మేం చెప్పిన కారణం నిజం కాదు కాబట్టి నియమం కూడా నిజమనిపించలేదు.

మిగతా ఊళ్ళు

రెండో ముసాయిదాకి ముందు నీళ్ళు దండిగా ఉన్న వేరే ప్రాంతాల నియమాలు చదివాను. మా పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా కనిపించింది డెట్రాయిట్ చుట్టుపక్కల పట్టణాలది. భూమి ఉపరితలం మీది మంచినీటిలో దాదాపు అయిదో వంతు ఉన్న గ్రేట్ లేక్స్ వాళ్ళ ముంగిట్లోనే ఉన్నాయి. 2016 నుంచి అక్కడి టోకు సరఫరా చూస్తున్న గ్రేట్ లేక్స్ వాటర్ అథారిటీ, పట్టణాల నుంచి వసూలు చేసే రుసుముల్లో అత్యధిక వాడకం జరిగిన రోజుని, అత్యధిక ఒత్తిడి పడిన గంటని లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే అక్కడ కొన్ని పట్టణాలు స్ప్రింక్లర్లని అర్ధరాత్రి దాటాక నడపమంటాయి. మొత్తం ఎన్ని లీటర్లు వాడారన్నదే కాకుండా ఎప్పుడు వాడారన్నది కూడా ఖర్చేనని అక్కడ బిల్లే చెబుతుంది.

షికాగో ప్రాంతంలో కారణం పూర్తిగా వేరు. మిషిగన్ సరస్సు నుంచి ఇల్లినాయ్ రాష్ట్రం మళ్ళించుకోగల నీటికి అమెరికా సుప్రీంకోర్టు 1967 డిక్రీలో సెకనుకి 3,200 ఘనపుటడుగుల హద్దు గీసింది. కాబట్టి ఆ సరస్సు నీరు వాడే ఊళ్ళలో మే 15 నుంచి సెప్టెంబరు 15 దాకా లాన్‌లని ఇష్టం వచ్చినట్టు తడపడానికి రాష్ట్ర నిబంధనలు ఒప్పుకోవు. నీళ్ళున్నాయి, తీసుకునే హక్కుకే పరిమితి. వాంకూవర్‌లో మళ్ళీ ఇంకోటి. వర్షాలకి పేరుపడ్డ ఊరే, కానీ వానంతా చలికాలంలో కురుస్తుంది. వేసవిలో కపిలానో, సీమోర్, కోక్విట్లమ్ జలాశయాల్లో నిలవున్నదే ఆధారం. అందుకని మే 1 నుంచి అక్టోబరు 15 దాకా మొదటి దశ నియమాలు ఏటా వాటంతటవే అమల్లోకి వస్తాయి. 2015 జులైలో ఇంకా కఠినమైన మూడో దశ దాకా వెళ్ళాల్సి వచ్చింది. మెల్‌బోర్న్‌లో కరువు తీరాక కూడా శాశ్వత నియమాలు ఉంచుకున్నారు: స్ప్రింక్లర్లు సాయంత్రం 6 నుంచి ఉదయం 10 లోపే, ట్రిగర్ ఉన్న హోస్‌తో చేత్తో పట్టడం మాత్రం ఎప్పుడైనా.

నియమాల కాగితాలు చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. వెనకున్న కారణం ఊరూరికీ మారుతుంది. పక్క ఊరి కాగితం నకలు చేసుకునేవాళ్ళు పక్క ఊరి జబ్బుకి మందు తెచ్చుకుంటున్నారు.

రెండో నియమం

రోజుల్ని పూర్తిగా వదిలేశాం. వారానికి రెండుసార్లకి మించొద్దు, ఏ రోజులన్నది మీ ఇష్టం. టైమర్‌తో నడిచేవాటికి రాత్రి 10 నుంచి 12, 12 నుంచి 2, 2 నుంచి 4 అని మూడు వేళలు. ఇంటి నంబరు చివరి అంకెని బట్టి ఏ ఇంటికి ఏ వేళో తేలుతుంది. తెల్లవారి 4 దాటాక స్ప్రింక్లర్ ఏదీ నడవకూడదు, జనం లేచేదాకా ఉన్న ఆ రెండు గంటలు రిజర్వాయర్ నిండడానికి.

అదే వెయ్యి ఇళ్ళ లెక్క. ఒక్కో వేళకి సుమారు 333 ఇళ్ళు, వాటిలో ఆ రాత్రి తడిపేవి రెండు ఏడో వంతులు, అంటే 95. అందరూ వేళ మొదలవగానే తిప్పినా సెకనుకి 63 లీటర్లే. 190 ఉన్నదాన్ని మేం 333 చేశాం. రోజుల విషయంలో జనానికి స్వేచ్ఛ ఇచ్చేసరికి 63 అయింది.

ఆ రెండుసార్లు లాన్‌కి సరిపోతాయి. 200 చదరపు మీటర్ల లాన్‌కి వారానికి 25 మి.మీ. నీళ్ళంటే 5,000 లీటర్లు. నిమిషానికి 40 లీటర్ల చొప్పున ఒక్కోసారి గంట చాలు. బంకమట్టి నేలైతే ఆ గంటని ఇరవయ్యేసి నిమిషాల ముక్కలు చేసి మధ్యలో ఆపమని చెప్పాం. ఆ మట్టి నీళ్ళని మెల్లగా పీలుస్తుంది, ఆగకుండా పడితే రోడ్డు మీదికి పారుతుంది. అలా పారిన క్లోరిన్ నీరు కాలవలోంచి వాగులో కలిస్తే చేపలకి హాని. రాత్రి తడిస్తే ఆకుకి తెగులు వస్తుందని తోటల మీద ప్రేమ ఉన్నవాళ్ళు అభ్యంతరం చెప్పారు, అందులో నిజముంది. సాయంత్రం తడిసిన ఆకు తెల్లవార్లూ తడిగానే ఉంటే బూజు తెగుళ్ళకి అవకాశం. వాళ్ళ కోసం 2 నుంచి 4 వేళకి మారే వీలు ఉంచాం. చాలా కొద్దిమందే మారారు.

కూరగాయల మడులు, డ్రిప్, చేత్తో పట్టే హోస్, ఈ మూడింటికీ వేళల్లేవు. హోస్ పట్టుకున్న మనిషి అలిసిపోయి ఆపుతాడు, టైమర్ ఆపదు. కూరగాయల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తినే మొక్కని ఎండబెట్టే నియమం నా చేత్తో రాయను. కొత్తగా పరిచిన పచ్చికకి మొదటి వారాల్లో రోజూ తడి కావాలి కాబట్టి దానికి విడిగా అనుమతి, కానీ నడివేసవిలో ఇవ్వం.

నోటీసు మార్చాం. ఈసారి నినాదం లేదు. పై వీధి లాగర్ గ్రాఫు అచ్చు వేసి, 5 గంటల దగ్గర బాణం గుర్తు పెట్టి, కింద మూడు వాక్యాలు: సరస్సులో నీళ్ళున్నాయి. గుట్ట ఎక్కే పైపు ఇరుకు. అందరం ఒకే నిమిషంలో తిప్పుతున్నాం. కాలనీ సమావేశంలో మొదట ప్రశ్నించిన ఆ పెద్దాయనే లేచి, "ఇది మొదటే చెప్పాల్సింది" అన్నారు. అవును, చెప్పాల్సింది.

గ్రాఫు గోడ మీద వేసి చూపించాక ఒక యువతి, 5:30 దగ్గర ఇంకో మెట్టు ఉందే, అదేమిటని అడిగింది. మేం దాన్ని పట్టించుకోలేదు. వెళ్ళి చూస్తే మున్సిపల్ పార్కు. జనాన్ని వేళలు పాటించమంటున్న నగరం తన పార్కుని అదే మెయిన్ పైపు మీంచి అందరికీ మంచి నీళ్ళు కావాల్సిన వేళకే తడుపుతోంది. నియమం అమలు తేదీకి ముందే పార్కు టైమర్లు మార్పించాం, మార్చామని పార్కు గేటుకి కాగితం అంటించాం. ఆ కాగితం పదిమంది తనిఖీ మనుషుల పని చేసిందని నా నమ్మకం.

అమలు కాస్త వదులుగానే ఉంచాం, తెలిసే. ఒకే వేళకి ఎగిసే వాడకాన్ని తగ్గించడానికి అందరూ పాటించనక్కర్లేదు, ఎక్కువమంది పాటిస్తే చాలు. మొదటిసారి తప్పిన ఇంటికి మనిషి వెళ్ళి టైమర్ ఎలా మార్చాలో చూపించి వచ్చేవాడు. సగం ఇళ్ళలో ఆ పెట్టె ఎక్కడుందో ఇంటివాళ్ళకే తెలియదు.

తర్వాతి వేసవిలో పై వీధి ప్రెజర్ ఉదయం 28 మీటర్లకి కిందికి రాలేదు. ఆ ఏడు వానలు కాస్త ఎక్కువ పడ్డాయి కాబట్టి వరసగా పొడిగా ఉన్న వారాలనే పాత ఏడాది అలాంటి వారాలతో పోల్చాం. రిజర్వాయర్ అగ్ని నిలవ గీత దాటి దిగిన ఉదయం ఒక్కటీ లేదు. మొత్తం వాడకం కూడా కాస్త తగ్గింది, మేం దాన్ని అడగకపోయినా.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. గాలివానకి గుట్ట మీద కరెంటు చాలాసేపు పోతే, బ్యాటరీ అయిపోయిన పాత టైమర్లు మొదటి అమరికకి తిరిగి వెళ్తాయి, అంటే మళ్ళీ 5 గంటలకి. అలాంటి ఒక గాలివాన తర్వాత గ్రాఫులో పాత గోడ మళ్ళీ లేచింది, పాతదాంట్లో మూడో వంతు ఎత్తున. స్ప్రింక్లర్లు బిగించేవాళ్ళతో మాట్లాడి కొత్త పెట్టెలన్నిటికీ ఇంటి నంబరుని బట్టి వేళ పెట్టి ఇచ్చేట్టు ఒప్పించాం. పాత పెట్టెలకి ఒక చిన్న బ్యాటరీ మారిస్తే చాలు. ఏటా వసంతంలో పంపే నోటీసులో ఇప్పుడు నాలుగో వాక్యం ఉంది: కరెంటు పోయి వచ్చాక మీ టైమర్ ఒకసారి చూసుకోండి.